కోనసీమలో బస్సు గది: అడ్వాన్సు కట్టే ముందు అడగవలసినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కాకినాడలో ఉంటారు. దూరప్రయాణం పెట్టుకోకుండా దగ్గరలోనే కుటుంబంతో రెండు రాత్రులు గడిపి రావాలని ఉంది. రాజోలు వైపు ఒక కొబ్బరి తోటలో పాత ఆర్టీసీ బస్సును గదిగా మార్చి అద్దెకు ఇస్తున్నారని తెలిసింది. ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు మీ దంపతులతో వస్తారు. మే సెలవుల్లో వెళ్లాలా, దసరాకు వెళ్లాలా, ఇదంతా ఎందుకు, దిండిలో హౌస్‌బోటు ఎక్కితే సరిపోదా అన్నది మీ సందేహం.

వెళ్లండి, పిల్లలకు చాలా నచ్చుతుంది. మే నెలలో మాత్రం వద్దు. నన్నడిగితే డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా మంచి కాలం. అందులోనూ సంక్రాంతి రోజులు వదిలేసి, వారం మధ్యలో వెళ్లండి. బస్సు బాడీలు కట్టే షెడ్డులో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు పాత బాడీలను గదులుగా మార్చే పనులు ఒప్పుకుంటున్నవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. మీరు పంపిన ఫొటోలన్నీ లోపలివే: దీపాల తోరణాలు, చెక్క పలకలు, గోడ మీద పాత టికెట్ల అతికింపు. అవి ఎవరైనా వారం రోజుల్లో చేయించగలరు. ఆ బస్సు ఎక్కడ నిలబడి ఉందో, దేని మీద నిలబడి ఉందో, దాని నెత్తిన ఏముందో ఒక్క ఫొటోలోనూ లేదు. మీ రెండు రాత్రులు ఎలా గడుస్తాయన్నది వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు ఎండ సంగతి. బస్సు బాడీ అంటే ఇనుప చట్రం, దానికి లోపలా బయటా రేకు. రోడ్డు మీద తిరిగేటప్పుడు ఇరవైకి పైగా కిటికీల్లోంచి గాలి కొడుతుంది కాబట్టి ఆ వేడి మనకు తెలియదు. అదే బస్సును ఒకచోట నిలబెట్టి, కిటికీలు బిగించి, ఏసీ పెడితే మే నెల మధ్యాహ్నం దాని లోపల కూర్చోవడం మూత పెట్టిన మూకుడులో కూర్చోవడమే. ఒకటిన్నర టన్నుల ఏసీ కూడా సాయంత్రం దాకా రొప్పుతూనే ఉంటుంది. పైగా వేసవిలో పల్లెల్లో వోల్టేజీ పడిపోతే అది కూడా నమ్మకం లేదు. బాగా చేసిన బస్సుకు రెండు రేకుల మధ్య వేడిని ఆపే గ్లాస్ ఊల్ గానీ పఫ్ అనే గట్టి నురగ గానీ నింపుతారు. ఇంకా తెలివైనవాళ్లు బస్సు పైకప్పుకు అడుగున్నర ఎత్తున తాటాకు పందిరి వేస్తారు. పందిరికీ రేకుకూ మధ్య గాలి ఆడుతుంటే సగం వేడి అక్కడే పోతుంది. అందుకే యజమానిని మొదట అడగవలసిన ఫొటో బస్సు పైకప్పుది. పంపడానికి వెనకాడితే పందిరి లేదని అర్థం చేసుకోండి.

మే నెల వద్దనడానికి ఇంకో కారణం ఉంది. మీరు పంపిన ఫొటోల్లో కిటికీ పక్కన నిండుగా పారుతున్న కాలువ ఉంది కదా, అది పంట కాలువ. దాళ్వా వరి, అంటే రెండో పంట, చేతికొచ్చే సమయానికి, సాధారణంగా ఏప్రిల్‌లో, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకు నీరు ఆపేస్తారు. మరమ్మతులు, పూడికతీతలు అయ్యాక మళ్లీ జూన్‌లోనే నీరు వదులుతారు. మధ్యలో వెళ్లినవారికి కనిపించేది బురద, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు. కాలువ పక్కన బస అని డబ్బు కట్టి వెళ్లి, బురద వాసన చూసి తిరిగొచ్చినవారు నాకు తెలుసు.

దసరా రెండో మాటే అనుకుంటున్నాను. వర్షాలు పూర్తిగా తగ్గవు, ఆ వెంటే తుపాన్ల కాలం మొదలవుతుంది. కోనసీమను నేలమట్టం చేసిన తుపాను 1996 నవంబరు 6న వచ్చిందని మీ అమ్మగారికి గుర్తుండే ఉంటుంది. అలాగని అక్టోబరు, నవంబరు నెలల్లో ఎవరూ ఇల్లు కదలకూడదని కాదు. వాతావరణం పాడైతే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఫోనులో చెప్పిన మాట సరిపోదు, వాట్సాప్‌లో అయినా రాయించుకోండి.

ఇక చోటు. పెద్ద బస్సు పొడవు పన్నెండు మీటర్ల దాకా ఉంటుంది, అంటే దాదాపు నలభై అడుగులు. కోనసీమ లోపలి దారులు మీకు తెలియనివి కావు. ఇటు కాలువ గట్టు, అటు వరి చేను, ఇరుకు వంతెన, వంతెన దాటగానే మలుపు, ఆ మలుపులో వంగిన కొబ్బరిచెట్టు, వేలాడే కరెంటు తీగ. ఇంజను తీసేసిన బాడీని ట్రైలరు మీద ఎక్కించి ఆ దారుల్లో తిప్పడం అయ్యే పని కాదు. అందుకే ఇలాంటి బస్సులు ఎక్కువగా హైవేకో వెడల్పాటి రోడ్డుకో ఆనుకునే ఉంటాయి. ఫొటోలో మాత్రం నట్టనడి తోటలా కనిపిస్తుంది, ఎందుకంటే రోడ్డు వైపు కెమెరా తిప్పరు. రోడ్డుకు ఎన్ని గజాల దూరమో సూటిగా అడగండి. 216 నంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా లారీలు తిరుగుతూనే ఉంటాయి.

రోడ్డు కన్నా పెద్ద తలనొప్పి రొయ్యల చెరువు. పక్క చేను చెరువుగా మారి ఉంటే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. కరెంటు పోతే డీజిలు ఇంజను అందుకుంటుంది, ఎందుకంటే గాలి ఆగితే రొయ్య చస్తుంది, రైతుకు మీ నిద్రకన్నా అది ముఖ్యం. తప్పు పట్టలేం. బస్సు రేకుకు శబ్దాన్ని ఆపే గుణం తక్కువ కాబట్టి గోడల ఇంట్లో వినిపించని మోత కూడా ఇందులో వినిపిస్తుంది. గూగుల్ మ్యాపులో ఉపగ్రహ చిత్రం తెరిచి, ఆ తోట చుట్టూ దీర్ఘచతురస్రాకారపు నీటి మళ్లు ఉన్నాయేమో చూసుకోండి. రెండు నిమిషాల పని.

అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: బస్సు ఏటిగట్టుకు ఇవతల ఉందా, అవతల ఉందా? గట్టు దాటి నదివైపు ఉన్నదంతా లంక భూమి. అక్కడి నుంచి చూస్తే సూర్యాస్తమయం అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆ నేల గోదావరిదే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి 10 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. రెండోది 13.75 అడుగులకు, 13 లక్షల క్యూసెక్కులకు. మూడోది 17.75 అడుగులకు, 17 లక్షల క్యూసెక్కులకు. మూడో హెచ్చరిక దాకా ఆగనక్కర్లేదు, కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే ముందే మునిగి పడవలు తిరగడం ఏటా చూస్తూనే ఉన్నాం. 2022 జూలైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మీరు వెళ్లేది చలికాలంలోనే అయినా ఈ ప్రశ్న అడగమనడానికి కారణం ఉంది. ఒకసారి వరద నీటిలో నిలిచిన బాడీకి అడుగు చట్రంలో ఒండ్రు చేరుతుంది, తుప్పు ఇనుమును లోపలినుంచి తింటుంది, నేల పలకలు ఉబ్బుతాయి. పైన కొత్త వినైలు పరిచేస్తే చూడటానికి కొత్తగానే ఉంటుంది. లోపలికి అడుగు పెట్టగానే చెప్పులు విప్పి నడవండి. మడమ కింద నేల దిగినట్టు అనిపిస్తే ఆ బస్సు వద్దు.

అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉన్న బస్సులకు ఉప్పుగాలి ఇదే పని ఇంకా వేగంగా చేస్తుంది. రాజోలు కాస్త లోపలికి ఉంది కాబట్టి ఆ బెడద తక్కువ.

బస్సు దేని మీద నిలబడిందో కూడా చూడండి. డెల్టా నేల మెత్తన. వానాకాలంలో నాని, ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. టైర్ల మీదే వదిలేసిన బస్సు ఏడాది తిరిగేసరికి ఒక పక్కకు ఒరుగుతుంది. పడుకుంటే రక్తమంతా తలకు చేరుతున్నట్టు ఉంటుంది, బాత్రూములో నీరు కాలువకు పోకుండా గుమ్మంలోకి వస్తుంది. సరిగా చేసినవాళ్లు చట్రం కింద కాంక్రీటు దిమ్మెలు కట్టి, బరువంతా వాటి మీద వేసి, టైర్లను అందానికి మాత్రమే ఉంచుతారు.

ఇప్పుడు లోపలికి వద్దాం. మీరు చూడవలసింది మంచం మెత్తదనం కాదు, వెనక తలుపు. ఆర్టీసీ బస్సుకు వెనక భాగంలో అత్యవసర ద్వారం ఉంటుంది. గదిగా మార్చేటప్పుడు చాలామంది చేసే పని ఏమిటంటే, వెనకవైపు బాత్రూము కట్టి ఆ తలుపును మూసేస్తారు. నీళ్ల పైపులకూ సెప్టిక్ ట్యాంకుకూ అదే అనువైన చోటు మరి. దాంతో నలభై అడుగుల ఇనుప గదికి ముందున్న తలుపు ఒక్కటే మిగులుతుంది. చెక్క పలకలు, స్పాంజి పరుపులు, తెరలు, వాటి మధ్యలో దోమల చుట్ట వెలిగించి పడుకుంటారు. నేను ఒప్పుకునే పనుల్లో వెనక తలుపు తెరుచుకోకపోతే పని ఒప్పుకోను. మీరు వెళ్లాక యజమాని ఎదురుగానే ఆ తలుపు తెరిపించండి. అది లేకపోతే కనీసం మనిషి పట్టేంత కిటికీ ఒకటి పూర్తిగా తెరుచుకోవాలి, దానికి ఇనుప ఊచలు ఉండకూడదు. దోమలకు చుట్ట వద్దు, తెర కట్టించమనండి. లోపల గ్యాసు పొయ్యి ఉంటే దాన్ని ముట్టుకోకండి, వంట బయట పాకలోనే.

కరెంటు గురించి మాత్రం పట్టుదలగా ఉండండి. బాడీ అంతా ఇనుము, కింద టైర్లు రబ్బరు. అంటే బస్సుకు భూమితో సంబంధం ఉండదు. లోపల ఎక్కడో ఒక తీగ పొర చిట్లి చట్రానికి తగిలితే విద్యుత్తు తలుపు కమ్మీ దాకా పాకుతుంది. తడి నేల మీద నిలబడి ఆ కమ్మీ పట్టుకుని ఎక్కేవారికి దెబ్బ తగులుతుంది. దీనికి రెండు జాగ్రత్తలు కావాలి. చట్రానికి విడిగా ఎర్తింగు కడ్డీ వేసి ఉండాలి. బోర్డులో, కరెంటు ఎక్కడైనా లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. అడిగితే చాలామంది "ఎంసీబీ ఉంది కదండీ" అంటారు. ఎంసీబీ ఉన్నది తీగ కాలిపోకుండా ఆపడానికి, మనిషిని కాపాడటానికి కాదు. ఆర్‌సీసీబీకి టెస్ట్ అని ఒక చిన్న బొత్తాం ఉంటుంది. సామాను దించకముందే దాన్ని నొక్కండి. టక్కున కరెంటు పోతే మంచిది. పోకపోతే సామాను దించకండి.

చలికాలంలో ఒక చిన్న ఇబ్బంది ఉంది, ప్రమాదం కాదు, చిరాకు. తెల్లవారుజామున పొగమంచుకు బయట రేకు చల్లబడుతుంది. లోపల ఐదుగురి ఊపిరిలోని తేమ ఆ చల్లని రేకు మీద బొట్లుబొట్లుగా పేరుకుని కిటికీ పట్టీల వెంట జారి దుప్పటి మీద పడుతుంది. రేకుల మధ్య పూరకం సరిగా వేసిన బస్సులో ఇది దాదాపు ఉండదు. కిటికీ కింది మూలలో ప్లైవుడ్డును బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే నీరు చాలాకాలంగా దిగుతోందన్నమాట. రాత్రి రెండు కిటికీలు బెత్తెడు తెరిచి పడుకుంటే చాలావరకు తగ్గుతుంది.

అమ్మగారి విషయం. బస్సు నేల భూమికి మూడు అడుగుల పైనే ఉంటుంది. దిమ్మెల మీద ఎత్తితే ఇంకా పెరుగుతుంది. మొదటి మెట్టు ఎత్తు చూసే చాలామంది పెద్దవాళ్లు ఆగిపోతారు. తలుపు ముందు సిమెంటు మెట్లు, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయో లేదో అడగండి. లోపల వెడల్పు గోడకు గోడకు ఏడున్నర అడుగుల పైచిలుకు మాత్రమే. మంచం అడ్డంగా వేస్తే పక్కన నడిచే దారి ఉండదు, గోడవైపు పడుకున్నవారు రాత్రి లేవాలంటే మిగతా అందరినీ దాటాలి. అమ్మగారికి నడవా వైపు, బాత్రూముకు దగ్గరగా, ఒంటరి మంచం ఇప్పించండి. కమోడు పాశ్చాత్య పద్ధతిదే అయి ఉండాలి, గోడకు పట్టు కమ్మీ ఉంటే మరీ మేలు. ఆ తోటలోనే మామూలు గది ఒకటి ఖాళీగా ఉంటే దాన్ని కూడా తీసుకోమని నా సలహా. పగలంతా బస్సులో మనవలతో గడిపి, రాత్రికి ఆవిడ నేల మీద కట్టిన గదిలో హాయిగా పడుకోవచ్చు. మీరు ఆరడుగుల మనిషి అయితే మీకూ ఒక మాట: లోపలి ఎత్తు ఆరడుగుల పైన ఒకటి రెండు అంగుళాలే మిగులుతుంది. లోపలి పైకప్పుకు దీపాలు బిగించారంటే మీ తల వాటిని వెతుక్కుంటూ పోతుంది.

నీటికి డబ్బా నీళ్లే తాగండి. స్నానానికి వచ్చే బోరు నీరు తీరానికి దగ్గరయ్యే కొద్దీ ఉప్పగా ఉంటుంది, సబ్బు నురగ రాదు. డెల్టాలో భూగర్భ జలం బాగా పైనే ఉంటుంది కాబట్టి సెప్టిక్ ట్యాంకు బోరుకు ఆనుకుని ఉంటే పళ్లు తోముకోవడానికి కూడా ఆ నీరు వాడకండి.

కొబ్బరిచెట్ల కింద బస అంటే ఇంకో సంగతి. దింపు ఎప్పుడు జరిగిందో అడగండి. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి కాయలు దింపుతారు. దింపు అయిన కొత్తలో వెళ్తే నిశ్చింత. ముదురు గెలలు నెత్తిన వేలాడుతుంటే అర్ధరాత్రి ఒక కాయ రేకు మీద పడిందంటే బాబు తెల్లవార్లూ నిద్రపోడు. పిల్లలు ఆడుకునే చోటు చెట్టు మొదట్లో ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక హౌస్‌బోటు. కేరళలో ఒకప్పుడు ధాన్యం మోసిన కెట్టువళ్లం పడవలనే తర్వాత ఇళ్లుగా మార్చారు. దిండిలో గోదావరి పాయ వశిష్ఠ మీద తిరిగేవి ఆ తరహావే. అందంలో బస్సు దానితో పోటీ పడలేదు. కానీ నాలుగేళ్ల బాబు ఉన్న ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరు రెండు రోజులూ వాడి చొక్కా పట్టుకునే కూర్చోవాలి. అమ్మగారు పలక మీదుగా పడవలోకి ఎక్కాలి, దిగాలి. భార్యాభర్తలిద్దరే వెళ్తుంటే హౌస్‌బోటే ఎక్కమని చెప్పేవాణ్ని. మీకు మాత్రం రాత్రులు బస్సులో, ఒక సాయంత్రం దిండిలో గంటసేపు పడవ షికారు. పిల్లల కొలతకు లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో చూసి ఎక్కండి. పెద్దవాళ్ల జాకెట్టు పిల్లలకు తొడిగితే నీటిలో పడగానే మెడలోంచి జారిపోతుంది.

పగలు ఎక్కడెక్కడికో తిరగాలని జాబితా పెట్టుకోకండి. ఒక పూట సఖినేటిపల్లి రేవుకు వెళ్లి పంటు ఎక్కి నరసాపురం దాటి రండి. మనుషులు, మోటారు సైకిళ్లు, కార్లు ఒకే పంటు మీద వశిష్ఠ దాటుతుంటే పిల్లలకు అంతకన్నా వినోదం లేదు. అమ్మగారికి ఇష్టమైతే అంతర్వేది నరసింహస్వామి దర్శనం. మాఘంలో భీష్మ ఏకాదశికి రథోత్సవం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో ఆ రోడ్డు జోలికి పోవద్దు. సంక్రాంతి వదిలేయమన్నది కూడా ఇందుకే. కోడిపందేల జనం, రెట్టింపు అద్దెలు, ఎక్కడ చూసినా కార్ల వరుసలు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని ఉంటే, అలంకరించి భుజాల మీద మోసుకొచ్చే పదకొండు ప్రభలు, వాటిలో కొన్ని కౌశిక నది దాటి, చేలకు అడ్డంపడి వచ్చే దృశ్యం చూడదగ్గదే, కాకినాడ నుంచి పొద్దున్నే బయలుదేరి రాత్రికి ఇంటికి చేరండి.

భోజనం తోటవాళ్లకు ముందురోజే చెప్పండి. పనసపొట్టు కూర, కంద బచ్చలి అడిగితే వండుతారు. చలికాలంలో ఎవరైనా పులస పెడతామంటే నమ్మకండి. పులస వరద నీటితో ఎదురీదుకుంటూ వచ్చే చేప, జనవరిలో దొరికేది ఐసు పెట్టెలోదో, వేరే చేపో. దానికి బదులు సాయంత్రం తేగలు కాల్పించుకోండి. ఆత్రేయపురం మీ తిరుగు దారిలో పడదు కాబట్టి పూతరేకుల కోసం అటు తిప్పుకోకండి, అమలాపురంలోనూ దొరుకుతాయి.

మీరు పంపిన ఫొటోల్లో నాకు నిజంగా నచ్చినది ఒకటుంది. డ్రైవరు సీటు, స్టీరింగు అలాగే ఉంచారు. తలుపు మీదుగా కండక్టరు గంట తాడు కూడా పీకలేదు. తాడు లాగితే ముందు గంట మోగుతుందేమో అడగండి. మోగితే మీ పాప కండక్టరు, బాబు డ్రైవరు, అమ్మగారు ప్రయాణికురాలు, రెండు రోజుల ఆట ఉచితం. స్టీరింగు కింద ఇనుప అంచులు తేలి ఉన్నాయేమో చేత్తో తడిమి చూసి, ఉంటే గుడ్డ చుట్టించండి. డీజిలు ట్యాంకు తీసేశారో లేదో కూడా అడగండి. తీయకపోతే మధ్యాహ్నం ఎండకు ఆ వాసన లోపలికి వచ్చి పిల్లలకు వాంతులు పట్టుకుంటాయి.

యజమాని నుంచి పైకప్పు, వెనక తలుపు, మెట్లు, కరెంటు బోర్డు ఫొటోలు తెప్పించి ఇక్కడ పెట్టండి. బోర్డు మూత తెరిచి తీయమనండి, మూసిన మూత చూసి ఏమీ చెప్పలేను.